స్కూబా డైవింగ్ క్రమశిక్షణతో, భద్రంగా చేయడం ఎలా: డీఐఆర్ పద్ధతి మొదటి మెట్టు నుంచి

"ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ వచ్చింది, ఇప్పుడు ఏ బీసీడీ (గాలి నింపుకుని తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్) కొనమంటారు?" అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో కోర్సు చేసి వచ్చినవాళ్లు, దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఫుజైరా వెళ్లి డైవ్ చేసేవాళ్లు, రుషికొండలో ట్రయల్ డైవ్ చేసి ఇష్టం పుట్టినవాళ్లు అందరూ తిప్పితిప్పి ఇదే అడుగుతున్నారు. నా జవాబు ఒక్కటే. ముందు ఏమీ కొనకండి. నీళ్లలో కదలకుండా నిలబడటం, గ్యాస్ (ట్యాంక్‌లో ఉన్న పీల్చే గాలి) లెక్క వేసుకోవడం, పక్కనున్న మనిషిని వదలకుండా ఉండటం, ఈ మూడూ వచ్చాక ఏ గేర్ కావాలో మీకే తెలుస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా కాకుండా కలిపి నేర్పే పద్ధతి ఒకటుంది. దాన్నే డూయింగ్ ఇట్ రైట్, క్లుప్తంగా డీఐఆర్ అంటారు.

ఇది ఎక్కడ పుట్టిందో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే దాని నియమాలకు కారణం అక్కడే ఉంది. ఉత్తర ఫ్లోరిడాలో తలహాసీ దగ్గర వకల్లా స్ప్రింగ్స్ అని ఊటలున్నాయి, వాటి కింద మైళ్ల పొడవున నీటితో నిండిన గుహలున్నాయి. లోపల ఏదైనా తేడా వస్తే నేరుగా పైకి రావడం కుదరదు, తల మీద రాయి ఉంటుంది, వచ్చిన దారినే వెనక్కి ఈదాలి. ఆ గుహల్లో డైవ్ చేసిన బిల్ 'హోగార్త్' మెయిన్ అనవసరమైన ప్రతి క్లిప్పూ, ప్రతి గొట్టమూ తీసేసి గేర్‌ను వీలైనంత సాదాగా చేశాడు. తర్వాత ఆ గుహల్ని అన్వేషించే వుడ్‌విల్ కార్స్ట్ ప్లెయిన్ ప్రాజెక్ట్ జట్టులో జార్జ్ ఇర్వైన్, జారాడ్ జబ్లాన్‌స్కీ లాంటివాళ్లు దాన్ని గేర్ దగ్గరే ఆపకుండా జట్టు, గ్యాస్, శరీర దారుఢ్యం, సాధన అన్నీ కలిసిన పద్ధతిగా మార్చారు. జబ్లాన్‌స్కీ 1998లో స్థాపించిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్, అంటే జీయూఈ, దాన్ని కోర్సులుగా నేర్పుతోంది. 2007 డిసెంబర్‌లో ఆయనా, కేసీ మెకిన్లీ కలిసి టర్నర్ సింక్ నుంచి వకల్లా స్ప్రింగ్స్ దాకా దాదాపు 11 కిలోమీటర్లు గుహలోనే ప్రయాణించి బయటికి వచ్చారు. మనం గుహల్లోకి వెళ్లం, వెళ్లొద్దు కూడా. కానీ అంత కఠినమైన చోట పనిచేసిన అలవాట్లు 12 మీటర్ల లోతులో పగడాలు చూడటానికి వెళ్లేవాళ్లకు కూడా పనికొస్తాయి.

ఇది చదివి నేరుగా నీళ్లలోకి దిగేయకండి. కింద చెప్పినవన్నీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, తోడుతో, లోతు తక్కువ ఉన్న చోట, వీలైతే ఇన్‌స్ట్రక్టర్ కళ్ల ముందు సాధన చేయాల్సినవి.

కావలసినవి

- ఓపెన్ వాటర్ సర్టిఫికెట్. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే ట్రయల్ డైవ్ లెక్కలోకి రాదు, అది ఎన్నిసార్లు చేసినా సరే.
- డాక్టర్ దగ్గర పరీక్ష. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ ఇలాంటివి ఉంటే ఫారంలో దాచిపెట్టకండి.
- ఈత. జీయూఈ ఫండమెంటల్స్ కోర్సులో 275 మీటర్లు ఆగకుండా 14 నిమిషాల లోపు ఈదమంటారు. పొగ తాగేవాళ్లను అసలు తీసుకోరు. మీరు ఆ కోర్సు చేయకపోయినా ఈ రెండూ మీ కొలతగా పెట్టుకోండి.
- మీకు సరిపోయే మాస్క్, గట్టి ఫిన్స్, డైవ్ కంప్యూటర్. కొనాలంటే ముందు ఇవే కొనండి.
- ఎస్ఎంబీ (మీరు ఎక్కడున్నారో పడవలకు చూపించే, గాలి నింపి పైకి వదిలే గొట్టం లాంటి బెలూన్), దాని తాడు చుట్టే చిన్న స్పూల్. పడవలు తిరిగే చోట ఇవి లేకుండా దిగొద్దు.
- నీళ్లలో రాసే పలక, పెన్సిల్.
- మీలాగే సాధన చేయడానికి ఒప్పుకునే ఒకరో ఇద్దరో తోడు. ఈ జాబితాలో దొరకడం కష్టమైనది ఇదొక్కటే.

1. బరువు సరిచేసుకోండి

కొత్తవాళ్లలో చాలామంది అవసరానికి మించి సీసం కట్టుకుంటారు. కిందికి దిగడం తేలికవుతుందని డైవ్ షాపువాళ్లు కూడా ఒకటో రెండో కిలోలు ఎక్కువే ఇస్తుంటారు. ఆ బరువును మోయడానికి బీసీడీలో గాలి ఎక్కువ నింపాలి, ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది, ఇక మీరు డైవ్ అంతా బీసీడీలో గాలి నింపే, వదిలే బటన్‌తోనే కుస్తీ పడతారు.

డైవ్ చివర్లో ట్యాంక్‌లో 50 బార్ (బార్ అంటే పీడనం కొలత) దగ్గర ఉన్నప్పుడు 5 మీటర్ల లోతులో బీసీడీ పూర్తిగా ఖాళీ చేయండి. మామూలుగా ఊపిరి తీసుకుంటూ అక్కడే నిలబడగలిగితే బరువు సరిపోయింది. మునిగిపోతుంటే తర్వాతి డైవ్‌లో ఒక కిలో తీసేయండి. తేలిపోతుంటే ఒక కిలో పెంచండి. డైవ్ మొదట్లో ఈ పరీక్ష చేసి మోసపోకండి, మన దగ్గర ఎక్కువగా అద్దెకిచ్చే 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంక్ 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి దాదాపు 2 కిలోలు తేలికవుతుంది.

2. ట్రిమ్: పడుకున్నట్టు ఉండటం

నీళ్లలో బల్ల మీద బోర్లా పడుకున్నట్టు ఉండాలి. మోకాళ్లు వంచి పాదాలు పైకి, చేతులు ముందుకి చాచి, తల ఎత్తి ముందుకి చూడాలి. తల దించుకుంటే శరీరం కూడా వంగిపోతుంది, తోడు కనపడడు.

ఇప్పుడు ఫిన్స్ ఆపేయండి. పూర్తిగా. 30 సెకన్లు ఏమీ చేయకుండా ఉండండి. కాళ్లు కిందికి జారుతుంటే నడుము దగ్గరున్న బరువులో కొంత తీసి ట్యాంక్ బెల్టు మీదికి మార్చండి, లేదా ట్యాంక్‌ను కొంచెం పైకి జరపండి. తల కిందికి పోతుంటే దీనికి వ్యతిరేకం. చాలామంది ఇక్కడ ఫిన్స్ చిన్నగా ఆడిస్తూనే "నేను నిలబడ్డాను" అనుకుంటారు. అందుకే తోడును పక్కనుంచి వీడియో తీయమనండి. వీడియోలో మీ శరీరం నీటి ఉపరితలానికి ఏటవాలుగా ఉందా, సమాంతరంగా ఉందా ఇట్టే తెలిసిపోతుంది.

3. ఫ్రాగ్ కిక్, వెనక్కి ఈదడం

కాళ్లు పైకీ కిందికీ కొడితే అడుగున ఉన్న ఇసుక లేచి వెనకవాళ్లకు ఏమీ కనపడదు, పగడాలు విరుగుతాయి. ఫ్రాగ్ కిక్‌లో పాదాలు పక్కలకు తెరిచి, అరికాళ్లతో నీటిని వెనక్కి తోసి, తర్వాత కాసేపు జారాలి. ఆ జారడం ముఖ్యం, అక్కడే గ్యాస్ ఆదా అవుతుంది. ఇది వచ్చాక ఒక్కచోట గుండ్రంగా తిరగడం, ఆ తర్వాత వెనక్కి ఈదడం నేర్చుకోండి. వెనక్కి ఈదడానికి చాలా రోజులు పడుతుంది, నిరాశపడొద్దు. అది వస్తే తోడు మీద పడిపోకుండా, పగడాన్ని పట్టుకోకుండా ఆగగలరు.

మోకాలి నొప్పులున్నవాళ్లు కిక్ చిన్నదిగా, చీలమండలతో మాత్రమే చేయొచ్చు.

4. గొట్టాల అమరిక

డీఐఆర్‌లో నోట్లో ఉన్న రెగ్యులేటర్‌కే (గాలి పీల్చే పరికరానికే) పొడవాటి హోస్, అంటే గొట్టం, ఉంటుంది, 2.1 మీటర్లు. అది ఫస్ట్ స్టేజ్ (ట్యాంక్‌కు బిగించే భాగం) కుడివైపు నుంచి కిందికి దిగి, కుడి చంక కింద నుంచి ఛాతీ మీదుగా ఎడమ భుజం దాకా వెళ్లి, మెడ వెనకగా తిరిగి కుడివైపు నుంచి నోటికి వస్తుంది. రెండో రెగ్యులేటర్ సాగే తాడుతో గడ్డం కిందే వేలాడుతుంది. ట్యాంక్‌లో ఎంత గ్యాస్ ఉందో చూపే గేజ్ ఎడమ నడుముకు క్లిప్ చేసి ఉంటుంది. ఏదీ కిందికి వేలాడదు.

తోడుకు గ్యాస్ అయిపోతే మీ నోట్లోది తీసి ఇస్తారు. మీరు అప్పటిదాకా పీలుస్తున్నది కాబట్టి అది పనిచేస్తోందని ఖాయం, భయంలో ఉన్న మనిషి చెయ్యి కూడా ముందు మీ నోటి మీదికే వస్తుంది. మీది మీకు గడ్డం కిందే ఉంది. హోస్ అంత పొడవు ఎందుకంటే ఇరుకు గుహలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు రావాలి. బయటి నీళ్లలో 1.5 మీటర్లు సరిపోతుంది.

అద్దె జాకెట్ బీసీడీతో డైవ్ చేసేవాళ్లు బెంగపడొద్దు. ఆక్టోపస్‌ను (తోడుకు ఇవ్వడానికి ఉంచే అదనపు రెగ్యులేటర్‌ను) ఎప్పుడూ ఒకేచోట, గడ్డానికీ పక్కటెముకలకీ మధ్య ఛాతీ మీది త్రిభుజంలో ఉండేలా పెట్టండి, గేజ్‌ను క్లిప్ చేయండి. అంతే. అడుగున ఈడ్చుకుపోయే ఆక్టోపస్ ఇసుకతో నిండి అవసరానికి పనిచేయదు. కొత్త తోడుతో దిగేముందు "గ్యాస్ అయిపోతే నేను నీకు ఇచ్చేది ఇదీ" అని చేత్తో పట్టుకుని చూపించండి. ఇద్దరి అమరికా వేరైతే ఈ మాట తప్పనిసరి.

బ్యాక్‌ప్లేట్, వింగ్ (జాకెట్ బీసీడీకి బదులు వీపుకు కట్టుకునే లోహపు పలక, దాని వెనక ఉండే గాలి సంచి) తర్వాత కొనుక్కోవచ్చు. అవి మంచివే, ట్రిమ్‌కు బాగా సాయపడతాయి, కానీ అవి వేసుకున్నంత మాత్రాన ఎవరూ డీఐఆర్ డైవర్ అయిపోరు.

5. కనీస గ్యాస్ లెక్క

ఈ అంకె ఒక్కటి నేర్చుకుంటే మిగతావన్నీ నేర్చుకోవాలన్న కోరిక దానంతట అదే వస్తుంది, అందుకే ఇక్కడ కాస్త ఆగి కాగితం మీద వేసుకోండి.

పడవ మీద బ్రీఫింగ్‌లో "50 బార్‌తో పైకి రండి" అంటారు. అది పైకి వచ్చాక మిగలాల్సిన అంకె. మరి కింద ఎంత ఉన్నప్పుడు బయలుదేరాలి? అతి లోతైన చోట, అతి చెడ్డ క్షణంలో, తోడు గ్యాస్ పూర్తిగా అయిపోతే, ఇద్దరూ మీ ఒక్క ట్యాంక్ మీద తొందరపడకుండా పైకి చేరడానికి ఎంత కావాలో అదే కనీస గ్యాస్. ఆ అంకెకు చేరగానే డైవ్ అయిపోయినట్టే.

లెక్క ఇలా. నిమిషానికి ఒక్కొక్కరికి 20 లీటర్లు, ఇద్దరికీ 40. దాన్ని సగటు పీడనంతో, ఆపైన నిమిషాలతో గుణించాలి.

30 మీటర్ల దగ్గర పీడనం 4 బార్, ఉపరితలంలో 1, సగటు 2.5. సమయం: తేరుకోవడానికి 1 నిమిషం, స్టాప్ (పైకి వచ్చే దారిలో భద్రత కోసం ఆగే చోటు) దాకా ఎక్కడానికి 3, 5 మీటర్ల దగ్గర ఆ స్టాప్ 3, అక్కడి నుంచి పైకి 1. మొత్తం 8. అంటే 40 × 2.5 × 8 = 800 లీటర్లు. దాన్ని 11.1 లీటర్ల ట్యాంక్‌తో భాగిస్తే 72, పైకి సవరిస్తే 80 బార్.

20 మీటర్లకు సగటు 2, సమయం 7 నిమిషాలు. 560 లీటర్లు, దాదాపు 50.5 బార్, అంటే 60. 12 మీటర్లకు సగటు 1.6, సమయం 6 నిమిషాలు. 384 లీటర్లు, దాదాపు 35 బార్, అంటే 40.

కాబట్టి 11.1 లీటర్ల ట్యాంక్‌కు గుర్తుపెట్టుకోవాల్సినవి: 12 మీటర్లకు 40, 20 మీటర్లకు 60, 30 మీటర్లకు 80. ఇవి ఇద్దరూ పైకి చేరడానికి కనీసం కావాల్సినవి, పడవ మీద 50తో పైకి రమ్మని చెప్తే అంతకంటే ముందే బయలుదేరాలి. ట్యాంక్ వేరైతే లెక్క మళ్లీ వేయాలి. కొత్తవాళ్లు, త్వరగా టెన్షన్ పడేవాళ్లు 20కి బదులు 25 లీటర్లు పెట్టుకోండి.

లంగరు తాడు దగ్గరికే తిరిగి రావాలనుకోండి. 200 బార్‌తో 30 మీటర్లకు దిగితే వాడుకోగలిగింది 200 − 80 = 120. అందులో సగం, 60, వెళ్లడానికి. 140 బార్ దగ్గర వెనక్కి తిరగాలి. ఇద్దరిలో ఎవరు ముందు ఆ అంకెకు చేరితే వాళ్లదే లెక్క.

మీ సొంత వాడకం తెలుసుకోవాలంటే 10 మీటర్ల దగ్గర 10 నిమిషాలు మామూలుగా ఈదండి. ఉదాహరణకు 30 బార్ తగ్గితే 30 × 11.1 = 333 లీటర్లు, 10 నిమిషాలతో, తర్వాత అక్కడి పీడనం 2తో భాగిస్తే నిమిషానికి 16.7 లీటర్లు. పలక మీద రాసుకోండి.

గ్యాస్ గురించి ఇంకో మాట. మామూలు గాలితో 30 మీటర్లు దాటొద్దు, నైట్రోజన్ మత్తు తీర్పును దెబ్బతీస్తుంది, ఆ మత్తులో ఉన్నవాళ్లకు తాము బాగానే ఉన్నామనిపిస్తుంది. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) కోర్సు చేసి 32 శాతం ఆక్సిజన్ ఉన్నది వాడేవాళ్లు సిలిండర్‌ను స్వయంగా అనలైజర్‌తో కొలిచి, అంకె టేపు మీద రాసి అంటించాకే ఎక్కించుకోండి. "నిన్ననే చూశాం సార్" అన్న మాట మీద దిగొద్దు.

6. దిగేముందు మాట్లాడుకోండి

పడవ మీద 5 నిమిషాలు చాలు. ఎందుకు దిగుతున్నాం, ముందు ఎవరు, ఎంత లోతు, ఎంతసేపు, కనీస గ్యాస్ ఎంత, ఎక్కడ తిరగాలి, అలలూ ప్రవాహమూ ఎలా ఉన్నాయి, విడిపోతే ఏం చేయాలి. విడిపోతే ఒక నిమిషం వెతికి, కనపడకపోతే నిదానంగా పైకి రావడం అని ముందే ఒప్పుకోండి.

తర్వాత తల నుంచి పాదాల దాకా ఒకరు చెప్తుంటే అందరూ తమది తాము తాకి చూసుకోవాలి. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని గేజ్ చూస్తూ నాలుగైదు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు ఊగిందంటే వాల్వ్ పూర్తిగా తెరవలేదు. దిగాక 3 నుంచి 5 మీటర్ల దగ్గర ఆగి ఒకరి గొట్టాల్లో బుడగలేమైనా వస్తున్నాయేమో ఇంకొకరు చూడండి.

ఇక సైగలు. బొటనవేలు పైకెత్తితే "పైకి వెళ్దాం" అని, "బాగుంది" అని కాదు. బాగుంటే వేళ్లతో సున్నా చుట్టాలి. బొటనవేలు ఎవరు చూపినా, ఏ కారణమైనా, డైవ్ అక్కడితో ఆగిపోతుంది. నీళ్లలో వాదించడం లేదు, పైకొచ్చాక దెప్పిపొడవడం అసలే లేదు. చలేస్తోంది, మనసు బాగాలేదు, ఇవి కూడా చాలినంత కారణాలే. ఖర్చు పెట్టి వచ్చాం కదా అని లోపలి భయాన్ని అణుచుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

7. గ్యాస్ పంచుకునే సాధన

ప్రతి ట్రిప్ మొదటి డైవ్‌లో 5 మీటర్ల దగ్గర చేయండి.

ఒకరు గొంతు కోసినట్టు సైగ చేస్తారు. రెండోవాళ్లు నోట్లోది తీసి, తల కొంచెం దించి, చెయ్యి పూర్తిగా చాచి అందిస్తారు. మరో చేత్తో గడ్డం కిందిది తమ నోట్లో పెట్టుకుంటారు. ఇద్దరూ రెండు మూడు ఊపిర్లు తీసుకుని ఓకే చెప్పుకుంటారు. మిగిలిన హోస్ వదిలి, ఒకరినొకరు చూసుకుంటూ అక్కడే నిలబడతారు. అది కుదిరాక మాత్రమే కలిసి పైకెక్కే సాధన.

ఇస్తున్నప్పుడు, మార్చుకుంటున్నప్పుడు ఊపిరి బిగపట్టొద్దు. రెగ్యులేటర్ నోట్లో లేనప్పుడు సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. ఒకటి రెండు మీటర్లు పైకి తేలినా చాలు, బిగపట్టిన ఊపిరితిత్తులకు ప్రమాదమే.

సాధన బాగా జరిగిందా అని తెలియాలంటే మొదలుపెట్టినప్పటి లోతూ ముగించినప్పటి లోతూ పోల్చండి. ఒక మీటరుకు మించి తేడా వస్తే ఇంకా బొయన్సీ (మునగకుండా తేలకుండా ఒకే లోతులో ఉండటం) మీద పని చేయాలి. మాస్క్ తీసి పెట్టుకోవడానికీ ఇదే కొలత.

8. పైకి రావడం

లోతులో సగం దాకా నిమిషానికి 9 మీటర్లు, అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా, చివరి 5 మీటర్లకు నిమిషం పైనే తీసుకోండి. 10 మీటర్ల నుంచి ఉపరితలానికి వచ్చేలోపు గాలి రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి అదుపు తప్పేది ఎక్కువగా అక్కడే. స్టాప్ మూడు నిమిషాలూ చక్కగా చేసి, తర్వాత బెలూన్‌లా పైకి లేచిపోయేవాళ్లే ఎక్కువమంది.

ఎస్ఎంబీ వదిలే సాధన వేరుగా చేయండి. స్పూల్ ఇరుక్కుంటే పట్టుకుని పైకి ఈడ్చుకుపోవద్దు, వదిలేయండి. అది పోతే పోనివ్వండి.

పైకొచ్చాక నీళ్లు తాగండి, ఆ పూట మద్యం, బరువు వ్యాయామం వద్దు. విమానం ఎక్కాలంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయ పురం) నుంచి పొద్దున్నే ఫ్లైట్ ఉంటే ముందు రోజు డైవ్ పెట్టుకోకండి. కీళ్ల నొప్పి, తిమ్మిరి, దద్దుర్లు, విపరీతమైన నీరసం వస్తే "నిద్రపోతే తగ్గుతుంది" అనుకోకుండా వెంటనే ఆక్సిజన్, డాక్టర్. ఆక్సిజన్ కిట్ ఉందా అని డైవ్ షాపును బుక్ చేసుకునేముందే అడగండి. చూపించమనండి.

తరచూ జరిగే పొరపాట్లు

గేర్ ముందు కొని నైపుణ్యం తర్వాత అనుకోవడం గురించి పైనే చెప్పాను. ఇంకో పెద్దది, బొయన్సీ కుదరకముందే కెమెరా పట్టుకోవడం. రెండు చేతులూ, రెండు కళ్లూ, మనసూ దానికే పోతాయి, తోడు 10 మీటర్ల దూరంలో ఉంటాడు. తోడు మీకు రెండు ఫిన్ కిక్కుల దూరంలో లేకపోతే మీరు ఒంటరిగా డైవ్ చేస్తున్నట్టే లెక్క.

గైడ్‌ను నమ్ముకుని గేజ్ చూడకపోవడం. మీకు ఎంత గ్యాస్ ఉందో చూడకముందే అంచనా వేసి, తర్వాత చూడండి. తేడా 10 బార్ లోపు వస్తుంటే ధ్యాస నిలిచినట్టు. జలుబుతో, ముక్కు తెరిచే మందులు వేసుకుని దిగడం కూడా మానండి, మందు ప్రభావం మధ్యలో తగ్గితే పైకి వచ్చేటప్పుడు చెవీ సైనస్‌లూ బిగుసుకుపోతాయి.

ముందుకు వెళ్తున్నారా లేదా ఎలా తెలుస్తుంది

ప్రతి డైవ్ తర్వాత కంప్యూటర్‌లో లోతు గ్రాఫ్ చూడండి. స్టాప్ దగ్గర గీత రంపపు పళ్లలా ఉందా, నున్నగా ఉందా? పైకి వచ్చిన గీత చివర్లో నిట్టనిలువుగా ఉందా? నెలల తరబడి వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. వీడియో ఉంటే జట్టంతా కలిసి చూడండి, ఎవరిది వాళ్లే ముందు విమర్శించుకోవాలి.

ఈ మెట్లన్నీ 12 మీటర్ల లోపు నిలకడగా వచ్చాక ఫండమెంటల్స్ లాంటి కోర్సుకు డబ్బు పెట్టండి. ఇన్‌స్ట్రక్టర్లు అన్ని చోట్లా ఉండరు కాబట్టి మీకు దగ్గర్లో ఎవరున్నారో ముందే రాసి కనుక్కోండి. అందులో మొదటిసారే పాస్ కాని వాళ్లు చాలామంది ఉంటారు, కొన్ని నెలలు సాధన చేసి మళ్లీ పరీక్షకు వెళ్లొచ్చు. లోతు పెంచడం, రాత్రి డైవ్‌లు, మునిగిన ఓడలు, ఇవన్నీ ఆ తర్వాతే.